చివరి మడి దగ్గర తాళంచెవి

మిర్యాలగూడ పీజీ కాలేజీ స్టాఫ్‌రూములో గోడకు ఒక అద్దాల చెక్కపెట్టె ఉంది. లోపల ఆకుపచ్చ గుడ్డ పరిచిన పలక, పలక మీద గుండుసూదులతో గుచ్చిన అట్టముక్కలు. అదే కాలేజీ టైమ్‌టేబుల్. ఏడాది మొదట్లో అధ్యాపకులు సీనియారిటీ ప్రకారం ఒక్కొక్కరే లేచి వచ్చి, తమ పేరున్న అట్టముక్కను నచ్చిన గడిలో గుచ్చుకునేవాళ్లు. అందరికంటే పెద్దాయన ముందు, ఆయన తర్వాత ఆయన కిందాయన. అది ముగిశాక పెట్టెకు తాళం పడేది, చెవి పెద్దాయన జేబులోకి పోయేది. కాలేజీ పుట్టిన నాటి నుంచి ఇదే ఆనవాయితీ. దీన్ని మార్చాలని ఎవరికీ తోచలేదు. చివర నిలబడ్డవాళ్లు కూడా ఎప్పుడో ఒకప్పుడు ముందుకు రాకపోతామా అనే ఆశతో ఉండేవాళ్లు.

పొద్దటి గడులన్నీ పెద్దల పాలు. కెమిస్ట్రీ ప్రొఫెసర్ లచ్చయ్యకు త్రిపురారంలో కాలువ కింద పొలం ఉంది. పొద్దున్నే పాఠాలు చెప్పేసి మోటార్‌సైకిల్ ఎక్కితే ఆయన భోజనం పొలం ఒడ్డునే. ఫిజిక్స్ సతీష్‌కు రైస్‌మిల్లులో వాటా. కోదాడ నుంచి రోజూ వచ్చిపోయే ఇంగ్లిష్ లెక్చరర్ నవనీతకు వీలైనంత తొందరగా ఇల్లు చేరాలి. వీళ్లందరూ ఎంచుకున్నాక మధ్యాహ్నం మిగిలిన గడుల్లో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ప్రాక్టికల్స్ పడేవి. వాటిని చూసుకునేది జానమ్మ. ఏళ్ల తరబడి పార్ట్‌టైమ్ లెక్చరర్. గడి ఎంచుకునే వంతు ఆమెకు ఏనాడూ రాలేదు. మిగిలిందే ఆమె గడి.

మధ్యాహ్నం ల్యాబు సాయంత్రం దాకా సాగాలి. కానీ పాలకీడు బస్సు మూడున్నరకే. ఆ తర్వాతి బస్సు పొద్దుగూకాక ఎప్పుడో. దాన్ని నమ్ముకొని ఎవరూ ఆడపిల్లను కాలేజీకి పంపరు. అందుకని మూడు దాటగానే ల్యాబులో సగం స్టూళ్లు ఖాళీ అయ్యేవి. పాలకీడు పక్క తండా నుంచి వచ్చే అఖిల తన బీకరులోని ద్రావణాన్ని చల్లారకముందే, అందులో స్ఫటికాల పలుకు కట్టకముందే సింకులో వంపేసి పరుగెత్తేది. ‘రేపు చేద్దువుగానిలే’ అనేది జానమ్మ. రేపు కూడా బస్సు మూడున్నరకే.

ఏటా ప్రాక్టికల్ పరీక్షలో పిల్లలు తప్పుతూనే ఉన్నారు. ఎందుకు తప్పుతున్నారో స్టాఫ్‌రూములో అందరికీ తెలుసు. తెలిసిన సంగతిని పైకి అంటే ఎవరిదో ఒకరిది పొద్దటి గడి పోతుంది. కాబట్టి ‘ఇప్పటి పిల్లలకు శ్రద్ధ లేదు’ అనుకొని చాయ్ తాగేవాళ్లు.

బానోతు స్వరూప ప్రిన్సిపాల్‌గా వచ్చేనాటికి సంగతి ఇదీ.

ఆమె ఈ కాలేజీకి కొత్త కాదు. ఇక్కడి హాస్టల్లో ఉండి, ఇదే ల్యాబులో ఎమ్మెస్సీ చేసింది. లచ్చయ్య ఆమెకు పాఠం చెప్పిన గురువు. ఈ ఊళ్లో ఈ కోర్సు లేకపోయుంటే తన చదువు డిగ్రీతోనే ఆగిపోయేదని ఆమెకు బాగా తెలుసు. అలాంటిది, కుర్చీలో కూర్చున్న నెలలోపే రిజిస్ట్రార్ రాజ్‌కుమార్ సూర్యాపేటలోని మెయిన్ క్యాంపస్ నుంచి కారు వేసుకొని వచ్చాడు.

“మేడం, మీ ప్రాక్టికల్ ఫలితాలు సూస్తుంటే నాకే సిగ్గయితుంది,” అన్నాడు కూర్చుంటూనే. “ఈ ఏడు గూడ గిట్లనే ఉంటే ఎమ్మెస్సీ కెమిస్ట్రీని సూర్యాపేటకు తీసుకపోతం. వీసీ గారు సంతకం ఒక్కటే ఆపిండ్రు.”

“సూర్యాపేటకు పోతే ఈ ఊర్ల ఆడపిల్లలు రారు సార్.”

“వచ్చేటోళ్లే వస్తరు. మీరు ప్రిన్సిపాల్. అడుగుడు బంద్ చేసి చెప్పుడు షురూ చెయ్యండి. మెత్తగుంటే మీ స్టాఫ్ నెత్తికెక్కుతది.”

కారు వెళ్లిపోయింది. తాను చదువుకున్న కోర్సు తన చేతుల మీదుగానే ఊరు దాటిపోతుందనే మాట ఆమెకు మింగుడు పడలేదు. ఆదివారం కాలేజీకి వచ్చి, స్టాఫ్‌రూములోని పెట్టెకున్న పాత తాళం తీయించింది. అట్టముక్కలన్నీ తానే మార్చి గుచ్చింది. ప్రాక్టికల్స్ పొద్దునకు, పెద్దల పాఠాలు మధ్యాహ్నానికి. కొత్త తాళం వేసి చెవి తన హ్యాండ్‌బ్యాగులో పడేసుకుంది. సోమవారం తెల్లవారేసరికి అందరి ఫోన్లలో ఆర్డరు మోగింది.

స్టాఫ్‌రూములో ఎవరూ గొడవ చేయలేదు. లచ్చయ్య పలక ముందు నిలబడి కళ్లజోడు సర్దుకొని మొత్తం చదివాడు.

“మంచిగున్నది ప్రిన్సిపాల్ మేడం,” అన్నాడు. “ఆర్డరంటే ఆర్డరే.”

ఆ రోజు నుంచి అందరూ ఆర్డరు ప్రకారం పని చేయడం మొదలుపెట్టారు. స్వరూపకు అసలు కష్టం అక్కడే వచ్చింది. బెల్లు కొట్టగానే లచ్చయ్య బోర్డు మీద సమీకరణం రాస్తూ రాస్తూ సుద్దముక్క కింద పెట్టేసేవాడు. బాణం గుర్తు అక్కడే వేలాడుతుండేది, దాని అవతల ఏముందో పిల్లలకు తెలియదు. ఇదివరకు జానమ్మకు ల్యాబులో చెయ్యి ఆడకపోతే పక్కగది నుంచి ఎవరో ఒకరు వచ్చి నిలబడేవాళ్లు. ఇప్పుడు రావడం మానేశారు, అది ఆర్డరులో లేదు. గ్యాస్ అయిపోతే సతీష్ తన బండి మీద సిలిండర్ తెచ్చేవాడు. ఇప్పుడు ‘ఇండెంట్ పెట్టుకోండ్రి’ అన్నాడు. నవనీత కొడుక్కు జ్వరం వచ్చి ఆమె రాకపోతే ఆమె క్లాసులో పిల్లలు గోడలు చూస్తూ కూర్చున్నారు. అఖిల బస్సు కోసం పరుగెత్తే అవసరం తప్పింది. కానీ పొద్దుటి ల్యాబులో బర్నరు వెలగక, జానమ్మ ఒక్కతే అందరి మధ్యా తిరగలేక, ఆ పిల్ల ద్రావణం ఎప్పటిలాగే సింకు పాలైంది. ఆర్డరు తప్పారని ఒక్కరినీ వేలెత్తి చూపడానికి లేదు. అయినా పని ఎక్కడిదక్కడే నిలిచిపోయింది.

స్వరూప ఆర్డరు వెనక్కి తీసుకుంది. స్టాఫ్ కౌన్సిల్‌ను కూర్చోబెట్టి, “మీరే తేల్చండి, మీరేది చెప్తే అదే,” అంది.

మిరపకాయ బజ్జీలు వచ్చాయి. చాయ్ వచ్చింది.

“ప్రాక్టికల్స్ పొద్దుగాలనే ఉండాలె. గందుల అనుమానమే లేదు,” అన్నాడు సతీష్. “నా గడి తప్ప ఏదైన తీసుకోండ్రి.”

“బస్సు ఇబ్బంది పిల్లలకేనా అండీ? నాకూ ఉంటది కదా,” అంది నవనీత.

“ఇద్దరు చెప్పింది గూడ కరెక్టే,” అన్నాడు లచ్చయ్య ఇంకో బజ్జీ అందుకుంటూ. “వచ్చే మీటింగ్‌ల ఇంకింత వివరంగ మాట్లాడుకుందాం.”

వచ్చే మీటింగులో ఇంకింత వివరంగా మాట్లాడుకున్నారు. ఆ తర్వాతి మీటింగులోనూ. అట్టముక్కలు మాత్రం పాత గడుల్లోకి తిరిగి వెళ్లి హాయిగా కూర్చున్నాయి. జానమ్మ ఒక మూల కూర్చొని గడియారం చూసి, పిల్లలు ఎదురుచూస్తుంటారని లేచి వెళ్లిపోయేది. రాజ్‌కుమార్ ఫోన్ చేశాడు. “ఏమన్న తేలిందా మేడం? సంక్రాంతి సెలవులు కాంగనే ఫైలు కదులుతది,” అన్నాడు. ఆ గొంతులో కోపం కూడా లేదు.

ఆ ఆదివారం స్వరూప స్కూటీ తీసుకొని త్రిపురారం బయలుదేరింది. లచ్చయ్య సారును ఒంటరిగా పట్టుకొని బతిమాలాలో, కొట్లాడాలో ఆమె దారిపొడుగునా తేల్చుకోలేకపోయింది.

ఆయన పొలం దగ్గరే ఉన్నాడు. ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, నెత్తికి తువ్వాల చుట్టుకొని, తూము దగ్గరి సిమెంటు గోడ మీద కూర్చున్నాడు. కాలువ నిండుగా పారుతోంది. ఆయన మడిలో మాత్రం నేల నెర్రెలు విచ్చుకోబోతోంది. తూము తలుపుకు గొలుసు, గొలుసుకు తాళం.

“రా బిడ్డా, గీడ కూసో. జర పైలం, నాచు ఉంటది,” అన్నాడు. కాలేజీలో ‘మేడం’ అనే మనిషి పొలం దగ్గర పాత పిలుపుకు వచ్చేశాడు.

“నీళ్లు ముంగటనే పారుతున్నయి, మీ మడి ఎండుతుంది. ఏంది సార్ ఇది?”

“ఇంక నా వంతు రాలే.”

“తాళం ఎవరేసిండ్రు?”

“మేమే. ఈ కాలువ కింది రైతులం అందరం కూసోని వేసుకున్నం.”

“చెవి మీ దగ్గర లేదా?”

“నా దగ్గరెందుకుంటది? జైరాం దగ్గరుంటది. కాలువ ఆఖర్న తండా ఉన్నది సూడు, ఆఖరి మడి వానిది. ముందు వానిది తడుస్తది. తర్వాత వాడు కిందికెల్లి పైకి ఒక్కొక్క తూము ఇప్పుకుంట వస్తడు. నాది మొదటి తూము. గందుకే ఆఖరి వంతు.”

స్వరూపకు తన ఊరి కాలువ గుర్తొచ్చింది. ఆమె తండ్రి ధర్మా పొలం కూడా పాలకీడు అవతల కాలువ చిట్టచివరే. అక్కడి దాకా నీళ్లు రావడం ఆమె ఎప్పుడో గాని చూడలేదు. నాట్లప్పుడు నాయన ఒడ్ల వెంట పైకి నడుచుకుంటూ పోయి, ఎవరెవరి మడి దగ్గరో చేతులు కట్టుకొని నిలబడేవాడు. తాళంచెవి చివరి మనిషి చేతిలో ఉండే కాలువ ఒకటి ఉంటుందని ఆయనకు తెలియకుండానే పోయాడు.

“ఒక్క రాయి తీసుకొని కొడితే ఊడుతది సార్ ఈ తాళం,” అంది చివరికి.

“ఊడుతది,” అన్నాడు లచ్చయ్య. “ఎన్కట ఇంజనీరు సాబు వచ్చి తాళమేసిండు. ఆయన జీపు మలుపు తిరగకముందే పగులగొట్టినం. దాని తర్వాత అసలు తాళమే వద్దనుకున్నం, అందరం పెద్దమనుషులమే గద అని. ముంగటోళ్లం మస్తు తడుపుకున్నం, ఎన్కోళ్లవి ఎండినయి, తలకాయలు పగిలినయి. ఇగ అప్పుడు కూసున్నం. ఇది మేము వేసుకున్న తాళం. దీన్ని నేనెట్ల పగులగొడత?”

“మరి ఆఖరాయన తన మడి తడుపుకొని ఇంట్ల పండుకుంటే?”

“ఎట్ల పండుకుంటడు? పైన తూములన్ని మూసుంటే నీళ్లన్ని వాని మీదికే వస్తయి. మడి నిండినంక ఒడ్డు తెగుతది. వాడే ఉరికొస్తడు ఇప్పనీకె. చెవి నాకిచ్చిండ్రనుకో, నాది నిండినంక ఎన్కోడు ఏమైతే నాకేంది?” లచ్చయ్య తన మాటకు తానే నవ్వుకున్నాడు.

స్వరూప ఆయన వైపు తిరిగింది. “సార్, నేనేసిన టైమ్‌టేబుల్‌ల ఏమన్న తప్పున్నదా?”

“టైమ్‌టేబుల్‌ల తప్పు లేదు. అది ఇంజనీరు తాళం.”

“మరి మీటింగులు పెట్టిన గద.”

“అది తాళమే లేని కాలువ. ముంగటోనికి మంచిగుంటది.” ఆయన తువ్వాల విప్పి ముఖం తుడుచుకున్నాడు. “నాకు మంచిగనే ఉండె, అబద్ధమెందుకు.”

ఇంతలో ఒడ్డు మీద నుంచి టీవీఎస్ బండి ఒకటి ఎగిరెగిరిపడుతూ వచ్చింది. దిగినవాడి మొలతాడుకు తాళంచెవి వేలాడుతోంది.

“ఏంది సారూ, నీ మడికి సుట్టాలను గూడ పిలుసుకున్నవా నీళ్లు సూడనీకె?” అన్నాడు జైరాం గొలుసు విప్పుతూ.

“సుట్టం కాదురా, మా ప్రిన్సిపాల్. నా స్టూడెంటే.”

జైరాం స్వరూపను చూశాడు. తండా మాటలో ఏ ఊరని అడిగితే ఆమె తండా మాటలోనే చెప్పింది. అతని ముఖం వెలిగింది. “అయితే అక్కా, సారు కాలేజీల గూడ గిట్లనే కూసుంటడా, ఎవలన్న వచ్చి తాళం తీసేదాక?”

“ఇంక కూసోలేదు,” అంది స్వరూప. “కూసోబెట్టాలె.”

తూము తలుపు లేచింది. నీళ్లు నెర్రెల్లోకి బుడబుడమంటూ దిగాయి.

మరునాడు స్వరూప పలక మీది అట్టముక్కలన్నీ పీకి స్టాఫ్‌రూము బల్ల మీద కుప్ప పోసింది. తాళం, చెవి ఆ పక్కనే పెట్టింది. బజ్జీలు తెప్పించలేదు.

“ఎవరికి ఏ గడి అనేది నేను చెప్పను, మీరే చెప్తరు,” అంది. “కాని ఇవ్వాళ్ల ఈ గది దాటేలోపల తేలాలె. వచ్చే మీటింగు లేదు. తేలినంక పలకకు తాళం పడుతది. పరీక్షల దాక ఎవ్వరం తియ్యొద్దు. నేను గూడ.”

“ముందు ఎవరు గుచ్చుకుంటరు మేడం?” అన్నాడు సతీష్. “సీనియారిటీయేనా?”

“లచ్చయ్య సార్ ఊర్ల కాలువ నీళ్లు ఆఖరి మడి కాడ మొదలైతయట. మనం గూడ గట్లనే మొదలుపెడదాం. మన దగ్గర ఆఖరి మడి ఎవరిదో మీరే చెప్పండి.”

సతీష్ లచ్చయ్య వైపు చూశాడు. లచ్చయ్య తప్పించుకోకుండా తూము తాళం సంగతి అంతా చెప్పాడు. విన్నాక నవనీత వెంటనే, “అలాగైతే జానమ్మ గారేనండి. ఇన్నేళ్లలో ఆవిడ ఒక్క గడీ అడిగి తీసుకోలేదు,” అంది.

“కాదమ్మా,” అన్నాడు లచ్చయ్య. అందరూ ఆయన వైపు తిరిగారు. “జానమ్మ గూడ మనతోని ఒడ్డు మీదనే ఉన్నది. ఆఖరి మడి అఖిల.”

జానమ్మ ఆ గదిలో ఒక మీటింగులో నోరు విప్పడం అదే మొదటిసారి.

“ఆ పిల్ల ఎమ్మెస్సీ రెండో ఏడు సార్,” అంది. “బీకరుల పలుకులు కట్టుడు ఎట్లుంటదో ఇంతవరకు కండ్లతోని సూడలే. పుస్తకంల బొమ్మ సూసి గీసుకపోతది.”

సతీష్ చెయ్యి అట్టముక్కల కుప్ప మీదికి పోయి ఆగిపోయింది. కుప్పలోంచి ల్యాబు ముక్క వెతికి తీసింది లచ్చయ్యే. పాలకీడు బస్సు పొద్దున ఎన్నింటికి వస్తుందో జానమ్మను అడిగి, సరిగ్గా దాని తర్వాతి గడిలో గుచ్చాడు. అది ఇన్నాళ్లూ ఆయన సొంత గడి. తర్వాత తన పేరున్న ముక్క తీసి దాని పక్కనే గుచ్చాడు. “ల్యాబుల జానమ్మ ఒక్కతే తిరుగుడు కాదు. నేనుంట,” అన్నాడు. ఆ తర్వాత పని వేగం అందుకుంది. కూర్చున్నవాళ్లు లేచి నిలబడ్డారు. ఒకరి ముక్క ఒకరు గుచ్చారు. సతీష్ రైస్‌మిల్లును ఒకసారి తలుచుకొని నిట్టూర్చి మధ్యాహ్నంలోకి జరిగాడు.

చివరికి ఒక గడి మిగిలింది. భోజనాల తర్వాతిది. పిల్లలూ నిద్రపోతారు, చెప్పేవాళ్లూ ఆవులిస్తారు. దాని పేరే నిద్ర పీరియడ్. అందరూ పలకను తప్ప అన్నిటినీ చూస్తున్నారు. స్వరూప బల్ల మీద మిగిలిన తన ముక్క తీసుకొని అక్కడ గుచ్చింది.

“ప్రిన్సిపాల్‌కు క్లాసేంటండీ?” అంది నవనీత.

“నేను గూడ ఇక్కడ టీచర్‌నే. నిద్రొస్తే నన్ను లేపుండ్రి.”

గది మొత్తం నవ్వింది. ఆ నవ్వులోనే నవనీత ఇంకో మాట అంది. “పలక మార్చకూడదు, సరేనండి. కానీ ఎవరికైనా ఇంట్లో బాగోకపోతే పక్కవాళ్లు వెళ్లి నిలబడొచ్చు కదా? ముక్క ఎక్కడిదక్కడే ఉంటది.”

“నిలబడొచ్చు గాదు, నిలబడాలె,” అన్నాడు లచ్చయ్య.

తాళం పడింది. చెవిని స్వరూప జానమ్మ చేతిలో పెట్టింది. జానమ్మ ముందు చీర కొంగుకు చెయ్యి తుడుచుకొని, తర్వాత అందుకుంది.

వారం తిరగకుండా రాజ్‌కుమార్ మళ్లీ వచ్చాడు. ఈసారి చేతిలో ల్యాప్‌టాప్. యూనివర్సిటీ మొత్తానికి ఒకటే టైమ్‌టేబుల్, సాఫ్ట్‌వేర్‌లో పెట్టేశారు. పొద్దున థియరీ, మధ్యాహ్నం ప్రాక్టికల్స్.

“ఇది మా కాలేజీకి నడవదు సార్,” అంది స్వరూప.

“ఇది రిక్వెస్టు కాదు మేడం, ఆర్డరు. అన్ని కాలేజీలు ఒక లెక్క, మీరొక లెక్కనా?”

“అన్ని కాలేజీల పిల్లలు మూడున్నర బస్సు ఎక్కరు సార్. మొన్న మీరే అన్నరు, ప్రిన్సిపాల్ అన్నంక చెప్పాలె అని. చెప్తున్న. మా టీచర్లు కూసోని ఒక మాట అనుకున్నరు. ఆ మాట నిలబెట్టుడు నా పని. పరీక్షల్ల తేడా వస్తే వాళ్లను ఏమనకండి, ఈ కుర్చీ తీసుకోండి. రాసిస్త.”

“రాసిస్తరా?”

“ఇప్పుడే.”

రాజ్‌కుమార్ ఆమెను కొత్త మనిషిని చూసినట్టు చూసి, పరీక్షల దాకా ఫైలు ఆపుతానని ల్యాప్‌టాప్ మూశాడు. సంతకం కోసం కాగితాలు పట్టుకొని గుమ్మంలో నిలబడ్డ లచ్చయ్య ఆ మాటలన్నీ విన్నాడు. సంతకం సంగతి మరిచి స్టాఫ్‌రూముకు తిరిగి వెళ్లాడు. “మనం తప్పినమనుకో, పోయేది ఆమె కుర్చీ,” అన్నాడు లోపలికి పోతూనే. ఆ రోజు బెల్లు కొట్టాక కూడా ఆయన సుద్దముక్క ఆగలేదు. బాణం అవతల ఏముందో పిల్లలు మొత్తం రాసుకున్నారు.

మాట ఇచ్చినంత సులువుగా నెలలు గడవలేదు. ఒకనాడు పొద్దున్నే జైరాం ఫోన్ చేశాడు. పైన చెట్లు అడ్డంపడి కాలువ ఆపుతున్నారని, వంతు ముందుకు జరిగిందని, పొద్దున వచ్చి నీళ్లు కట్టుకోకపోతే మళ్లీ వంతు ఎప్పుడో చెప్పలేనని. లచ్చయ్య పెట్టె ముందుకు వచ్చి నిలబడ్డాడు.

“జానమ్మా, ఒక్కపారి తాళం తియ్యి. నా ముక్క మధ్యాహ్నానికి జరుపుకుంట. ఒక్క దినమే.”

జానమ్మ చెవిని గుప్పిట్లో బిగించి పట్టుకుంది. ఆయనను ఎదిరించి ఆమె ఎన్నడూ మాట్లాడలేదు. “మీ వంతు కాదు సార్,” అంది. “మీరే అనుకున్న మాట.”

లచ్చయ్య ఆమెను చూశాడు, ఆమె గుప్పిట్లోని చెవిని చూశాడు. తర్వాత ఆయన భుజాలు నవ్వుతో కదిలాయి. “జైరాం కన్న గట్టిదానివి నువ్వు,” అన్నాడు.

“మీరు వెళ్లండి సార్, ల్యాబులో నేను నిలబడతా,” అంది నవనీత. “నాకు ఆ సీసాల సంగతి తెలియదు, జానమ్మ గారు చెప్పింది చేస్తా. గాజు పగలగొడితే మాత్రం నన్ను తిట్టకండి.”

ఆమె గాజు పగలగొట్టలేదు. పైగా సాయంత్రం స్టాఫ్‌రూములో బ్యూరెట్ పట్టడం తనకు ఎంత బాగా వచ్చిందో అందరికీ చెప్పి విసిగించింది. గ్యాస్ అయిపోయిన నాడు సతీష్ మాట్లాడకుండా బండి తీశాడు. పలక మీద ఒక్క ముక్కా కదల్లేదు. పలక ముందు మనుషులు మాత్రం ఒకరి చోట ఒకరు నిలబడుతూనే ఉన్నారు.

అఖిల బీకరు చల్లారిన రోజు మామూలు రోజే. ద్రావణాన్ని వడగట్టి, కిటికీ పక్కన పెట్టి, కదిలించొద్దని జానమ్మ చెప్పింది. అఖిలకు అలవాటు కొద్దీ కళ్లు గడియారం మీదికే పోతున్నాయి. “బస్సుకు మస్తు టైమున్నది, దాన్ని సూడు,” అన్నాడు లచ్చయ్య. బీకరు అడుగున ముందు మంచులాంటి తెలుపు. తర్వాత దానిలోంచి ఒక సూది. దాని పక్కన ఇంకొకటి. చూస్తుండగానే అడుగంతా వెండి పోచల్లా తళతళలాడింది. పక్క బల్లల పిల్లలంతా చుట్టూ మూగారు.

“మేడం, గివేనా?” అంది అఖిల మెల్లగా.

“గివే,” అంది జానమ్మ. ఆమె కళ్లజోడు తీసి తుడుచుకుంది. ల్యాబులో ఆవిరి ఎక్కువని అంది. ఆ కబురు విని స్వరూప తన గది నుంచి వచ్చి, ఆ బీకరును వెలుతురుకు ఎత్తి పట్టుకొని చాలాసేపు చూసింది. తండ్రి మడికి నీళ్లు వచ్చిన రోజు ఆమె ఎలా చూసిందో అలాగే.

పరీక్షలు వచ్చాయి. బయటి కాలేజీ నుంచి వచ్చిన పరీక్షకుడు పొద్దంతా బల్ల బల్లకూ తిరిగి, ప్రశ్నలు వేసి వేసి అలిసిపోయి, ఈ కాలేజీ పిల్లలేనా అని జానమ్మను అడిగాడు. ఫలితాల్లో ప్రాక్టికల్స్‌లో తప్పిన పేరు ఒక్కటీ లేదు.

కొత్త విద్యాసంవత్సరంలో కూడా పలక అదే పద్ధతిలో నిండి తాళం పడ్డాక, ఒక మధ్యాహ్నం యూనివర్సిటీ కారు వచ్చి ఆగింది. రాజ్‌కుమార్ చేతిలో ఈసారి ల్యాప్‌టాప్ లేదు, శాలువా ఉంది. ప్రిన్సిపాల్ గది ఖాళీగా కనిపించింది. స్టాఫ్‌రూములోకి వచ్చాడు.

“మేడం ఏరి? ఎమ్మెస్సీ కెమిస్ట్రీ ఇక్కడనే ఉంటది, సీట్లు గూడ పెంచిండ్రు. వీసీ గారు ఫోన్‌ల ఆమెతోని మాట్లాడుతనన్నరు. జర పిలవండి.”

“క్లాసుల ఉన్నరు సార్,” అన్నాడు లచ్చయ్య. “నిద్ర పీరియడ్.”

“ప్రిన్సిపాల్‌కు క్లాసేంది? ఎవర్నన్న మార్చండి.”

“మారదు సార్. తాళం పడ్డది.”

“చెవి ఎవరి దగ్గరున్నది?”

లచ్చయ్య జానమ్మ వైపు చూపించాడు. రాజ్‌కుమార్ ఆమె దగ్గరికి రెండడుగులు వేశాడు. జానమ్మ ఈసారి గుప్పిట బిగించలేదు. చెవి ఉన్న కొంగుముడిని నడుముకు దోపుకొని నవ్వింది.

“మీ వంతు వస్తది సార్,” అంది. “బెల్లు కొట్టేదాక కూసోండ్రి.”

రాజ్‌కుమార్ ఒకసారి అందరి ముఖాలూ చూశాడు. ఎవరి ముఖంలోనూ ఎదిరింపు లేదు, బెదురూ లేదు. శాలువా ఒళ్లో పెట్టుకొని, గోడ పక్కన బెంచీ మీద కూర్చున్నాడు. సతీష్ చాయ్ చెప్పాడు. నవనీత బజ్జీలు చెప్పింది. లచ్చయ్య వెళ్లి రిజిస్ట్రార్ పక్కనే చేరబడ్డాడు, తూము గోడ మీద కూర్చున్నంత తీరిగ్గా.

వరండా చివరి గదిలోంచి స్వరూప గొంతు గట్టిగా వినిపిస్తోంది. ఆ గదిలో ఎవరూ నిద్రపోవడం లేదు.